‘వాపు’ అంటే సరిపోతుందా?

ఉన్నత పాఠశాలల్లో ఇన్‌ఫ్లమేషన్ అన్న మాటకు ‘వాపు’ అనో, కొంచెం బరువుగా ‘శోథ’ అనో అర్థం చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైనది. వాపు అన్నది తేలికైన మాటే; పల్నాటి మిరప చేలల్లో పనిచేసి మోకాళ్ళు వాచిన తల్లికి సైతం తెలుస్తుంది. కాని ఆ తేలికతోపాటు ఒక పొరపాటు అభిప్రాయం కూడా విద్యార్థి మనసులో నాటుకుంటున్నది. వాపు కంటికి కనిపించేది, వచ్చినచోటనే ఉండేది అని అతడు అనుకుంటాడు. నిజం అది కాదు.

మోకాటిలోనో ఊపిరితిత్తులలోనో శోథ పుట్టినప్పుడు, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలు రక్తంలో కలిసి కాలేయాన్ని చేరుతాయి. మందులను మార్చి బయటకు పంపడానికి తోడ్పడే సైటోక్రోమ్ పి-450 ఎంజైములు అప్పుడు తగ్గుతాయి. కల్లంలో కూలీలు తక్కువైన నాడు తాలుకాయ ఏరే పని వెనుకబడి మిరపకాయ కుప్పగా పేరుకుపోతుంది గదా! మందు కూడా రక్తంలో అట్లే పేరుకుంటుంది. మోతాదు మారలేదు, శరీరం మారింది.

ఇది ఊహ కాదు. 1980లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఇన్‌ఫ్లుయెంజా-బి వ్యాపించినప్పుడు, ఉబ్బసానికి థియోఫిలిన్ వాడుతున్న కొందరు పిల్లల్లో ఆ మందు విషలక్షణాలు కనిపించాయి. అంతకుముందు వారికి సరిపోయిన మోతాదే అది. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉన్నది. కీళ్ళవాతపు రోగులకు ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డగించే టోసిలిజుమాబ్ ఇవ్వగా, వారంలో వారి రక్తాన సింవాస్టాటిన్ పాలు సగానికి పైగా తగ్గింది. శోథ అణగేసరికి కాలేయం తిరిగి తన పనిలో పడిందన్నమాట.

అన్ని మందులకూ ఈ సూత్రం ఒకే తీరున వర్తించదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్ళశోథకు కూడా వాడుతున్నారు. అది ముఖ్యంగా మూత్రపిండాల ద్వారా పోతుంది. కనుక అక్కడ చూడవలసినది మూత్రపిండాల పని.

‘శోథ’కు నిఘంటువు చెప్పే అర్థమూ వాపే. కాబట్టి లోపం మాటలో కంటె, మాట దగ్గరే ఆగిపోవడంలో ఉన్నది. నరసరావుపేటలో గాని, మాచర్ల, గురజాలల్లో గాని పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఒక్క వాక్యం చేర్చితే చాలు: “శోథ ఒకచోట పుట్టినా, మందుల నడకను శరీరమంతటా మార్చగలదు.” అది విన్న విద్యార్థి, జ్వరంతో ఉన్న పెద్దలు పాత చీటీతో మందుల దుకాణానికి బయలుదేరితే వారిస్తాడు; వాడుతున్న మందులన్నీ వైద్యునికి చెప్పమంటాడు. పాఠానికి అంతకన్న ప్రయోజనమేమి?