సైరన్‌తో మొదలయ్యే కథ

'చికాగో ఫైర్' అనే అమెరికన్ టెలివిజన్ నాటకం 2012 అక్టోబరులో మొదలై పదేళ్లకు పైగా సాగింది. హైటెక్ సిటీ నుంచి పొద్దుపోయి ప్రగతి నగర్ చేరే యువకులు అన్నం తింటూ ఫోన్లలో దాన్ని చూస్తారు. మొన్న అక్కడ మిత్రులం కూర్చున్నప్పుడు ఒక యువమిత్రుడు, శ్రమజీవుల సమష్టి శక్తిని ఇంత బలంగా చూపిన సీరియల్ మరొకటి లేదన్నాడు. ఈ మాటను కొట్టిపారేయడం తేలిక. కాని అందులో సగం నిజముంది.

మన సీరియళ్లలో పాత్రలకు ఉద్యోగాలుంటాయిగాని పని ఉండదు. ఇక్కడ పనే కథ. ఒకడు పైకప్పు కోస్తే పొగా వేడీ పైకి పోయి, లోపలివాడికి దారి కనిపిస్తుంది. ఒకరి చేతిలో మరొకరి ప్రాణం ఉందన్న సంగతి ఉపన్యాసంగా కాక పని క్రమంలోనే తెలుస్తుంది. మొదటి భాగంలోనే తోటివాడు చనిపోతాడు. తప్పు నీదంటే నీదని కేసీ, సెవరైడ్ ఎడమొహం పెడమొహం అవుతారు. అయినా గంట మోగితే ఇద్దరూ కదలవలసిందే. ఇది మంచి శిల్పం.

చిక్కు వ్యక్తిగత బాధల దగ్గర వస్తుంది. హెర్మన్ ఇల్లు అప్పుకింద పోతుంది. భార్యాబిడ్డలతో అత్తవారింట తలదాచుకుంటాడు. ఊరి ఇళ్లు కాపాడేవాడికి సొంత ఇల్లు దక్కలేదు! ఇంత గొప్ప వస్తువును రచయితలు ఏం చేశారు? ఇద్దరు సహచరులతో కలిపి అతనిచేత బారు పెట్టించారు. సెవరైడ్ గాయాన్ని దాచి నొప్పి మందులతో డ్యూటీ చేస్తాడు. గాయం బయటపడితే పని పోతుందన్న భయం అతని మొండితనంగా మారిపోతుంది. వ్యవస్థ పెట్టిన బాధ స్వభావలోపమై కూర్చుంటుంది.

అదే చికాగోలో 1980 ఫిబ్రవరిలో అగ్నిమాపక కార్మికులు రాతపూర్వక ఒప్పందం కోసం 23 రోజులు సమ్మె చేశారు. సీరియల్‌లో సంఘం ఎన్నిక ఒక ఉపకథ మాత్రమే. పోలీసుకు దక్కిన గౌరవం వేరు: కొడుకును తాగి కారు నడిపిన కేసునుంచి తప్పించడానికి కేసీని వేధించిన వాయిట్, 2014లో మొదలైన 'చికాగో పి.డి.'కి నాయకుడయ్యాడు! రాహుల్ ధోలకియా 2024 హిందీ చిత్రం 'అగ్ని' ఈ విషయంలో నయం. అందులో అగ్నిమాపక అధికారి కొడుక్కి తండ్రి కన్నా పోలీసు మామే వీరుడు. ఆ అవమానాన్ని చిత్రం దాచలేదు.

అసలు లోపం నిర్మాణంలోనే ఉంది. ఈ నాటకంలో ప్రమాదమంటే సైరన్‌తో మొదలై నీళ్లతో ముగిసేది. 2022 మార్చిలో సికింద్రాబాదు భోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహారు కార్మికులు చనిపోయారు. కింద సరుకు, పైన వాళ్ల పడక. మరుసటి మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు ఉద్యోగం చేసే చోటే పోయారు. ఫైరింజను అక్కడికి చేరేసరికి ఆ కథల్లో ముఖ్యభాగం జరిగిపోయింది. మంట ఆర్పేవాడి సాహసాన్నే కథ చేసుకుంటే, మెట్లమీద సరుకు పేర్చినవాడు తెరమీదికి రానక్కరలేదు.

మరి భోయిగూడ కథ ఎక్కడ మొదలుపెట్టాలని ఆ మిత్రుణ్ణి అడిగాను. కాసేపు ఆలోచించి, "వాళ్లు రైలు దిగిన రోజునుంచి" అన్నాడు.