వత్తు ఒకచోట, బరువు వేఱొకచోట

ఛందస్సు నేర్పబూనిన ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ‘అమ్మ’ యని వ్రాసి, ఇందు గురువేదియని అడిగినచో, తరగతిలో పెక్కుమంది పిల్లలు తడుముకొనక ‘మ్మ’ను చూపుదురు. అకారము ఒంటరిగా, తేలికగా కనబడుచుండగా, మకారము తన క్రింద మఱియొక మకారమును మోయుచున్నది. మోయుచున్నదే బరువైనదని పసివాడు తలచుటలో తర్కలోపమేమియు లేదు. అయినను ఉత్తరము తప్పు. గురువు అకారమే, ‘మ్మ’ లఘువు. “సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువు” అను సూత్రమును పిల్లవాడు నాడు వల్లించును, పరీక్షలో ఒప్పగించును, పిమ్మట మఱచును. ఎందుకు ముందుది గురువగుచున్నదో చెప్పినవారు నా బాల్యమున నాకును లేకపోయిరి.

కారణము నోటిలో నున్నది. ‘అమ్మ’ను మెల్లగా పలికిచూచినచో, ‘అమ్’ అని పెదవులు మూతపడి, ఒక క్షణమాగి, ‘మ’ యని మరల తెఱచుకొనును. అచ్చుతో ముగిసి నోరు తెఱచియుండు పలుకు వివృతము, హల్లుతో మూతపడు పలుకు సంవృతము. మన లిపి యొక్క ప్రత్యేకత యేమనగా, ముందుపలుకును మూసిన హల్లును కూడ అది తరువాతి అక్షరముతోనే కూర్చి వ్రాయును. చెవికి ‘అమ్–మ’, కంటికి ‘అ–మ్మ’. మన లాక్షణికుల సూత్రము ఈ రెంటి నడుమ వేసిన వంతెన. కంటితో చదువువానికి చెవిలోని విభాగమును గుర్తుచేయుటకే అది పుట్టినది. కవిజనాశ్రయము, 1435 నాటి అనంతుని ఛందోదర్పణము, 1656 నాటి అప్పకవీయము మున్నగునవి పద్యములు నోట నాని, చెవి పదునెక్కినవారి చేతులలో మెలగిన గ్రంథములు. చెవి సిద్ధము కాకమున్నే సూత్రమును పిల్లలచేత పెట్టుట మన కాలపు తొందరపాటు.

నా మేనకోడలికి ఎనిమిదవయేట నేనీ విషయమును పుస్తకము ముట్టకయే చెప్పితిని. గడి, గాడి, గడ్డి, గండి – ఈ నాలుగు మాటలను చెప్పుచు, అక్షరమునకొక చిటికె వేయుమంటిని. చదరంగపు ‘గడి’కి రెండు చిటికెలును వెంటవెంటనే పడినవి. బండి ‘గాడి’కి మొదటి చిటికె తరువాత చేయి కొంత ఆగినది. ‘గడ్డి’కిని, చెఱువునకు పడు ‘గండి’కిని కూడ అంతే ఆగినది. “గాడిలో గా సాగింది కాబట్టి ఆగాను మామయ్యా, మరి గడ్డిలో ఎందుకాగాను?” అని తానే అడిగి, రెండుమాఱులు నోటిలో నానబెట్టుకొని, “నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది!” అనినది. అంతకు మించిన నిర్వచనమును నేనెఱుగను. లఘువునకు చిటికెపాటు కాలము, అనగా ఒక మాత్ర, గురువునకు రెండు. ఆ రెండవ మాత్ర అచ్చును సాగదీయుటవలననైనను రావచ్చును, నాలుక అతుకుకొనుటవలననైనను రావచ్చును. సున్న, విసర్గ, పొల్లు – వీనికి వేర్వేఱు సూత్రములు చెప్పుదురు గాని, ఇవన్నియు నోటిని మూయు తలుపులే.

ఇది తెలిసిన పిల్ల ‘ప్రజ’లోని వత్తును చూచి బెదరదు. దానికి ముందు మూయదగిన పలుకే లేదు గనుక రెండును లఘువులే. ‘స్త్రీ’లో రెండు వత్తులున్నను దానిని గురువు చేసినది దీర్ఘమే. ‘ఊరి ప్రజలు’ అన్నప్పుడు ‘రి’ లఘువుగనే నిలుచును. తెలుగుమాటల నడుమ నోరు కొంచెము విడివడి, ‘ప్ర’ మొత్తము తన మాటలోనే యుండును. ‘చంద్రప్రభ’ సంస్కృతసమాసము, అక్కడ ఎడము లేదు గనుక ‘ద్ర’ గురువగును.

అయితే చెవిని గ్రుడ్డిగా నమ్మరాదు. ‘అమృతము’ను మనలో అనేకులు ‘అమ్రుతము’ అని పలుకుదురు. అట్లు పలికి చిటికె వేసినచో అకారము గురువైపోవును. వట్రసుడి అచ్చుగుర్తే గాని వత్తు కాదు. ఆ మాటలోని నాలుగక్షరములును లఘువులే. కన్ను అమ్మదగ్గఱ మోసగించినట్లే, అలవాటుపడిన నాలుక ఇచట మోసగించును. కావున చిటికెకు ముందు ఉచ్చారణను దిద్దవలెను. ఈ దిద్దుబాటునకు ఓపిక లేకనే మన తరగతులు గీతలు గీయుటకు దిగినవని నా అనుమానము. నిలువుగీతయు, గిన్నెవంటి వంపుగీతయు అక్షరములమీద నిలుచును గాని, ఆ వరుసను ఒక్కసారియైన బిగ్గఱగా చదివినవారుండరు.

గణముల పేర్లు చెప్పుటకు మాకింకను వ్యవధి యున్నది. ఒకనాటి సాయంకాలము మాత్రము ‘ఔను’, ‘అవును’ అను రెండు మాటలిచ్చి కొలువుమంటిని. మొదటిది ఒక గురువు, ఒక లఘువు. రెండవది మూడు లఘువులు. మూడు మాత్రల ఈ రెండు తూకములకును మనవారు సూర్యగణములని పేరిడి, ఆటవెలదిలో ఒకదాని చోట మఱియొకదానిని వాడుకొనిరి. ఆ పిల్ల ఆ పేరెఱుగదు. ఎడమచేతితో ఒకటి, కుడిచేతితో ఒకటి చిటికెలు వేసిచూచి, “రెండూ ఒక్కసారే అయిపోతున్నాయి” అని నావంక చూచినది.