ముక్కు మూసేది చీమిడి కాదు

‘చీదీ చీదీ ముక్కు కమిలిపోయింది గానీ గాలి ఆడట్లేదు డాక్టరుగారూ’. ముక్కు డాక్టర్లం రోజూ వినే మాట ఇది. స్పెక్యులం పెట్టి చూస్తే చీమిడి పెద్దగా ఉండదు. పక్కగోడ నుంచి ఎర్రగా ఉబ్బిన కండ, అంటే టర్బినేట్, దారికి అడ్డంగా ఉంటుంది. ఆక్సీమెటాజొలిన్ పిచికారీ చేసి, కాసేపాగి మళ్లీ చూస్తాను. ఆ కండే పాలిపోయి గోడవైపు ముడుచుకుని ఉంటుంది. ఇన్నేళ్లయినా ఈ పరీక్ష నాకు విసుగు పుట్టించలేదు.

టర్బినేట్ లోపలంతా సిరల గదులే. రక్తం నిండితే అది నీళ్లు పీల్చిన స్పాంజిలా ఉబ్బుతుంది. ఆ గదుల గోడల్లోని కండరాలమీద ఆల్ఫా-1, ఆల్ఫా-2 గ్రాహకాలుంటాయి. సింపథెటిక్ నరాలు వదిలే నార్‌అడ్రినలిన్ వాటికి తగిలితే నాళాలు బిగుసుకుంటాయి, రక్తం తగ్గుతుంది, దారి తెరుచుకుంటుంది. పరుగెత్తినప్పుడు ముక్కు తేలికపడేది అందుకే. అడ్రినలిన్ జాతి గ్రాహకాలను ఆల్ఫా, బీటా అని 1948లో విడదీసి చెప్పినవాడు అమెరికా శాస్త్రవేత్త రేమండ్ ఆల్‌క్విస్ట్. నాళాల ఈ బిగువు ముక్కు రెండు వైపులా ఒకేలా ఉండదు. చాలామందిలో కొన్ని గంటలకోసారి పక్క మారుతుంది. 1895లో జర్మన్ వైద్యుడు కైజర్ దీన్ని వర్ణించాడు. శ్వాసను గమనించే మన స్వరశాస్త్రం అంతకు చాలా ముందే గమనించింది.

బిగువు సడలితే ఏమవుతుందో మందులే చూపిస్తాయి. సర్పగంధి నుంచి తీసిన రిసర్పిన్ నరాల్లోని నార్‌అడ్రినలిన్ నిల్వలను ఖాళీ చేస్తుంది. బీపీకి దాన్ని విరివిగా వాడిన రోజుల్లో ముక్కు దిబ్బడ మామూలు ఫిర్యాదు. ఇప్పుడు ప్రోస్టేట్‌కి ఇచ్చే ఆల్ఫా బ్లాకర్లతోనూ కొందరికి అదే బాధ. అందుకే పెద్దవాళ్లు వస్తే ముక్కు చూడకముందే వాళ్ల మాత్రల సంచీ చూస్తాను.

ఆ తర్వాతి ప్రశ్న: ‘చుక్కలు ఎన్నాళ్లుగా వేస్తున్నారు?’ జవాబు ‘నెలలు’ అని వస్తే రోగం సగం తెలిసినట్టే. ఆక్సీమెటాజొలిన్ లాంటి ఈ చుక్కలు పనిచేసేది ఆ ఆల్ఫా గ్రాహకాల మీదే. అదేపనిగా వేస్తే అవి మందుకు సరిగా స్పందించడం మానేస్తాయి. ప్రభావం దిగగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుంటుంది. మళ్లీ చుక్క, మళ్లీ దిబ్బడ. చుక్కలు మాన్పించి, స్టెరాయిడ్ స్ప్రే అండతో కొన్నాళ్లు ఓర్చుకోమంటాను. ఆ ఓర్పే అసలు చికిత్స.

జలుబుకు చుక్కలు తప్పు కాదు. మూడు రోజులు వేయండి, మహా అయితే ఐదు. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, పసిపిల్లల తల్లిదండ్రులు మాత్రం డాక్టర్ని అడగకుండా ఆ సీసా ముట్టుకోవద్దు.