చెరిగిన పేరులు దిద్దుట

ఈస్టరునకు ముందటి దినములలో మా ప్రాంతపు క్రైస్తవులు శ్మశానమునకు పోయి, తమవారి సమాధులచుట్టును ఏడాది పొడుగునను పెరిగిన గడ్డి పెరికి, వెల్లవేసి, ఎండకు వానకు చెరిగిపోయిన పేరులను నల్లరంగుతో మరల దిద్దుదురు. మా నాయనగారి సమాధికి ఏటేట ఈ పని నేనే చేయుచున్నాను. దీనిని కూలికి అప్పగించుట నాకిష్టము లేదు. పండుగనాటి వేకువజామున కొవ్వొత్తులు వెలిగించుకొని, ఆ సమాధుల నడుమనే నిలిచి, సంఘమంతయు పునరుత్థాన కీర్తనలు పాడును.

ఇట్టి వేకువ ఆరాధన జర్మనీ దేశమున హెర్న్‌హూట్ గ్రామములోను జరిగినది. మతహింసకు తాళలేక మొరేవియా విడిచివచ్చిన శరణార్థులు 1722లో నెలకొల్పిన ఆ గ్రామమున, 1732వ సంవత్సరపు ఈస్టరునాడు, యువకులు కొందరు సూర్యోదయమునకు ముందే హుట్‌బెర్గ్ కొండమీది శ్మశానమునకు పోయి కీర్తనలు పాడిరి. ఇల్లును ఊరును పోగొట్టుకొని వచ్చినవారి సంఘము సమాధులయొద్ద ఆనందగీతము నెత్తుకొనుట నాకు మిక్కిలి గంభీరమైన విషయముగా తోచును.

పరలోకానందమునుగూర్చిన నిరీక్షణ ఇహలోక దుఃఖమును మరపించు మత్తుమందని కొందరందురు. మరపించునదే యైనచో, చెరిగిన పేరులను ఏటేట దిద్దుట యెందులకు? మరణించిన తన స్నేహితుడు లాజరును మరికొంతసేపటిలో తానే లేపబోవుచుండియు, క్రీస్తు అతని సమాధికి పోవుచు కన్నీరు విడిచెను. మృతులలోనుండి లేచిన పిమ్మట శిష్యుడైన తోమాకు చూపిన ఆయన చేతులలో మేకుల గురుతులు అట్లే యుండెను. మరణమును జయించిన దేహమునందును మానిపోని ఆ గాయములను తలచినపుడెల్ల, మాకు వాగ్దానము చేయబడిన శాశ్వతానందము మేము పడిన బాధను లేనిదానిగా చేయక, దానిని తనలో చేర్చుకొనునదని నేను దృఢముగా నమ్ముదును. ఐదు మారులు కొరడాదెబ్బలు తిని, మూడు మారులు ఓడ పగిలి సముద్రము పాలైన అపొస్తలుడగు పౌలు, తన శ్రమలను రానున్న మహిమతో తూచి, అవి తేలికయైనవని వ్రాసెను. సుఖాసనమున గూర్చుండి ఎవరైన ఆ మాట చెప్పియుండినచో నేనంగీకరించి యుండను.

కావున బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ఏడువవలదని చెప్పు బోధకులయెడ నాకు సమ్మతి లేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖింపవలదని పౌలు వ్రాసెనే గాని, దుఃఖమునే నిషేధింపలేదు. మా సంఘమున అట్టి తల్లులు పండుగనాడు ఏడ్చుచునే పాడుదురు; గొంతు పెగలని చరణమును ప్రక్కనున్నవారు పాడుదురు, పల్లవి వచ్చుసరికి ఆ తల్లులును కలిసికొందురు.