రామప్ప పేరు – పాలంపేట శాసనం

రామప్పగుడి దైవం పేరుతో గాక, కట్టించిన ప్రభువు పేరుతోనూ గాక, చెక్కిన శిల్పి పేరుతో ప్రసిద్ధమైన ఆలయమని పర్యాటక ప్రచురణలన్నీ ముక్తకంఠంతో చెప్తున్నవి. మాట వినసొంపైనది. ఊళ్లకు, గుళ్లకు ఏలినవారి పేర్లు నిలవడమే లోకరీతి. బిలాస్‌పూర్ జిల్లాలోని తఖత్‌పూర్ నేటికీ రతన్‌పూర్ రాజు తఖత్ సింగ్ పేరునే మోస్తున్నది. ఆ ఊరికి రాళ్లెత్తినవారెవరో ఎవరూ అడుగరు. అట్టి లోకంలో ఒక్క ఉలికైనా కీర్తి దక్కినదంటే కవిహృదయం ఊరకుండదు. సి. నారాయణరెడ్డి కలంనుండి ‘రామప్ప’ అనే రూపకమే వెలసినది. రూపకకర్తకు కల్పన చేసే హక్కు ఉన్నది. ఆ హక్కు శాసనాలను కాపాడవలసిన శాఖలకు ఎట్లా సంక్రమించినదన్నదే ప్రశ్న.

పాలంపేట ఆలయ ప్రాంగణంలో శాసనస్తంభం ఉన్నది. సంస్కృతభాషలో, శక 1135, అనగా క్రీ.శ. 1213 నాటిది. కాకతీయ ప్రభువులను స్తుతించి, రేచర్లవారి వంశాన్ని వర్ణించి, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి గ్రామాలను సమర్పించిన సంగతి అది చెప్తున్నది. బార్నెట్ పరిష్కరించిన పాఠం 1919లోనే హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో వెలువడినది. గులాం యజ్దానీ పాలంపేట ఆలయాలను గూర్చి 1922లో ప్రత్యేకగ్రంథం ప్రకటించారు. పాఠం పండితుల చేతికి వచ్చి నూరేండ్లు దాటినది. అందులో రామప్ప అనే స్థపతి లేడు.

ఆలయ నిర్మాణం 1213లో ఆరంభమై నలుబది యేండ్లు సాగినదన్నది మరొక అధికారవాక్యం. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించినప్పటినుండి అది మరింత వ్యాప్తి పొందినది. శాసనం చెప్పినదో, ప్రతిష్ఠ. దేవుడు నిలిచిన పిమ్మట మండపాల పని సాగి ఉండవచ్చును గాక! ప్రతిష్ఠాదినాన్ని శంకుస్థాపన దినంగా చదివితే అది శాసనపఠనం అనిపించుకోదు.

అట్లని శాసనాన్ని వేదవాక్యంగా తలకెత్తుకోనక్కరలేదు. అదీ ఒక అధికార కథనమే. దాని కవి దాత బాహుబలాన్ని, వంశగౌరవాన్ని శ్లాఘించినాడే గాని, గనినుండి దూలాన్ని దొర్లించిన కూలిని తలచలేదు. రుద్రుడు తన పేరు దేవునికి పెట్టుకొన్నాడు. జనం ఆ పేరు మరచి రామప్పగుడి అన్నారు. లోపలి దేవుని రామలింగేశ్వరుడనీ పిలుస్తారు; సమీపంలోని తటాకమూ రామప్ప చెరువే. గుడికి శిల్పి పేరు వచ్చినదనేవారు చెరువుకు ఆ పేరెట్లా వచ్చినదో కూడ చెప్పవలసి ఉంటుంది.

మార్కోపోలో ఈ ఆలయాన్ని దక్కను దేవాలయాల నక్షత్రమండలంలో మిక్కిలి ప్రకాశించే తార అన్నాడనే ప్రచారమూ కలదు. అతని గ్రంథంలో ముత్‌ఫిలి రాజ్యాన్ని గూర్చిన అధ్యాయం ప్రసిద్ధమే. అక్కడ భర్త పోయిన పిదప న్యాయంగా ఏలిన రాణి ఉన్నది, వజ్రాలున్నవి, సాలెపురుగు గూడువంటి సన్నని వస్త్రాలున్నవి. గుడి ప్రసక్తి లేదు.

విమానానికి వాడిన ఇటుకలు నీటిలో తేలుతవి. ఇది కల్ల కాదు. కప్పుమీద బరువు తగ్గించిన ఆ నేర్పు మెచ్చదగినది. కాని ప్రపంచంలో మరెక్కడా లేని విద్య అనేవారు విట్రూవియస్‌ను చూడవలె. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దిలో ఆ రోమను వాస్తువేత్త, ఆసియాలోని పిటానేలోను, స్పెయిన్‌లోను చేసే ఇటుకలు ఆరిన తరువాత నీటిపై తేలుతవని వ్రాసినాడు. ఇసుక పునాది భూకంపాలను మ్రింగినదనే వాదానికి మండపంలో అలలు తేలిన నేలను సాక్ష్యంగా చూపుతారు. పునాది క్రమంగా క్రుంగినా నేల అలలు తేలును. ఒక కారణాన్ని తోసివేయక మరొక దానిని స్థాపించడం శాస్త్రం కాదు.

రామప్ప కథకు జనాదరణ ఎందుకో ఊహించవచ్చును. పనివానికి న్యాయం జరిగినదన్న తృప్తి అది కలిగిస్తున్నది. అయితే ఎర్రని ఇసుకరాతి గోడల నానుకొని నిలిచిన పన్నెండు నల్లరాతి మదనికలను చూచినవారికి ఒక సందేహం తప్పదు. ఎత్తుమడమల పాదుకలు ధరించిన ఆ వేటకత్తెను, సర్పాలను చుట్టుకొన్న నాగినిని, వాటి క్రింద దూలాలను, స్తంభాలను ఒక్క చేయి చెక్కినదా? ఎందరి చెమటనో ఒక్క పేరులోనికి కుదించినప్పుడు మిగిలినవారు రెండవమారు మరుగున పడుతున్నారు. మొదటిమారు వారిని మరచినవాడు రుద్రుని ఆస్థానకవి.