రాణి పేరు కూలీలు చెప్పాలి

తొలకరి పడిన సాయంత్రం జగ్గయ్యపేట, నందిగామల మధ్య హైవే మీద ఏ దాబా లైటు కింద చూసినా రెక్కల పురుగులు రాశులుగా పడి ఉంటాయి. వాటిలో చాలావరకు ఉసిళ్లు. అవి చెదల సంతానం, చీమలు కావు. ఉసిలికి నడుం ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడుగు, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకు నడుం సన్నం, ముందు రెక్కలు వెనకవాటికన్నా పెద్దవి, మీసం మధ్యలో మడతపడి ఉంటుంది. రెక్కలు రాల్చుకుని, దాక్కునే చోటు కోసం నేల మీద ఒంటరిగా తిరిగే లావుపాటి చీమ అయితే రాణి కావచ్చు. దాని వీపు ఉబ్బి ఉంటుంది, రెక్కలు ఊడిన చోట చిన్న మచ్చలు కనిపిస్తాయి. ఇక్కడివరకు బడిపిల్లలైనా చెప్పగలరు. చిక్కంతా తర్వాతి ప్రశ్నతోనే: ఇది ఏ జాతి? చీమల పెంపకం మోజు ఉన్నవాళ్లకు ఆ రాత్రే జవాబు కావాలి. పాత కృష్ణా జిల్లా మెట్టలో ఆ రాత్రికి ప్రజాతి పేరు దగ్గర ఆగిపోవడమే సరైన పద్ధతనీ, జాతి పేరు దాని కూలి చీమలు పుట్టాకే పెట్టాలనీ నేనంటాను.

కారణం మన పుస్తకాల్లోనే ఉంది. నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డన్ 1851లో దక్షిణ భారత చీమల జాబితా అచ్చువేశాడు. 1903లో బింగ్‌హామ్ బ్రిటిష్ ఇండియా చీమల మీద పెద్ద సంపుటమే తెచ్చాడు. ఆనాటి నుంచీ గుర్తింపు ప్రధానంగా కూలి చీమల మీదే నడుస్తోంది. సహజమే. కూలీలు ఏడాది పొడుగునా దొరుకుతాయి, రాణి బయట తిరిగేది గంటో రెండు గంటలో. కూలి చీమలో చూసేవి వీపు వాలు, ముళ్లు, వెంట్రుకల వరస. రాణికి రెక్కల కండరాలు పట్టాలి కాబట్టి వీపు ఉబ్బి ఆ లక్షణాల్లో కొన్ని మారిపోతాయి. రంగును అసలే నమ్మలేం. మామిడి ఆకులు కలిపి గూడు కుట్టే చీమల్లో కూలీలు ఎర్రగా ఉంటే రాణిది ఆకుపచ్చ ఛాయ. ఫీడోలె ప్రజాతి రాణిని చూపించి, రెండు మూడు మిల్లీమీటర్ల ఆ కూలీలకు ఇదే తల్లి అంటే కొత్తవాళ్లెవరూ నమ్మరు. గండుచీమ రాణిని చూడగానే కాంపోనోటస్ అని తెలిసిపోతుంది, నిజమే. కానీ ఆ ఒక్క ప్రజాతిలోనే ప్రపంచం మొత్తం మీద వెయ్యికి పైగా జాతులున్నాయి. భారతదేశపు చీమలకు 2016లో వచ్చిన జాబితాలో జాతులు, ఉపజాతులు కలిపి 828.

ఐరోపాలో తేదీ, సైజు చూసి చెప్పేస్తున్నారు కదా అనవచ్చు. అక్కడ జాతులు తక్కువ, చలి వల్ల ఎగిరే కాలమూ కొద్దిపాటిదే. ఇంగ్లండులో జులై, ఆగస్టుల్లో పెరటి తోటలో దొరికే రాణి చాలాసార్లు లాసియస్ నైగర్ జాతిదే అవుతుంది. మన దగ్గర ముహూర్తం పెట్టేది వాన. రోహిణి కార్తెలో పడిన గాలివానకో, మృగశిరలో వచ్చిన తొలకరికో ఒకే సాయంత్రం రెండు మూడు రకాలు లేవవచ్చు, అదే రకం ఇంకో వానకు మళ్లీ లేవవచ్చు. కాబట్టి తేదీ ఒక్కటే సాక్ష్యం కాదు. దొరికిన చోటూ అంతే. నల్లరేగడి బీటలో దొరికితే ఒక ఆధారం. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీ దీపాల కింద దొరికితే ఎంత దూరం నుంచి వచ్చిందో ఎవరు చెప్పాలి? గంట మాత్రం తప్పక రాసుకోవాలి, ఎందుకంటే కొన్ని చీకటి పడ్డాక లేస్తాయి, కొన్ని తెల్లవారుతుండగా. (తేదీ పక్కన కార్తె పేరు కూడా రాస్తే పోయేదేమీ లేదు.) ఫోన్ యాప్‌లున్నాయిగా అంటే, పేరు సరిచూసిన ఫోటోల నుంచే అవి నేర్చుకోవాలి, రాణుల విషయంలో అవే అరుదు. డీఎన్‌ఏ పరీక్షా ముందు ఎవరో పేరు పెట్టిన నమూనాతోనే పోలుస్తుంది.

జాతి తెలియకుండా పెంచడమెలా అన్నది కాస్త బరువున్న అభ్యంతరం. దానికి ప్రజాతి చాలు. కాంపోనోటస్ రాణి గదిలో మూసుకుని, తన రెక్కల కండరాలనే కరిగించి మొదటి పిల్లల్ని సాకుతుంది. మనం తిండి పెట్టనక్కర్లేదు. పొడుగు దవడల హార్పెగ్నథస్ రాణి వేటాడి తినాలి, మూతపెట్టి వదిలేస్తే ఆకలితో చస్తుంది. తొందరపడి పెట్టిన జాతి పేరు మాత్రం జాబితాల్లోకి, అమ్మకాల్లోకి పాకుతుంది. 2025లో కెన్యాలో సుమారు 5,000 రాణులతో ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు పట్టుబడ్డారు. ఆ వ్యాపారంలో ధర పలికేది జాతి పేరుకే. ఇక మొదట చెప్పిన రెక్కల మచ్చలు చూసి రాణి అనడానికీ హద్దుంది. రెక్కలు రాల్చిన ప్రతి ఆడచీమా జతకట్టినదని కాదు. దక్షిణాదిలో ఉండే డయాకమ్మా చీమల్లో రెక్కల రాణే ఉండదు, సాధారణంగా వీపు మీది రెండు చిన్న బుడిపెలు నిలబెట్టుకున్న చీమే గుడ్లు పెడుతుంది, మిగతావాటి బుడిపెలు కొరికేస్తుంది.

కూలీల కోసం ఎంతకాలం ఆగాలంటే, కాంపోనోటస్ అయితే నెలన్నరకో రెండు నెలలకో మొదటి కూలీలు వస్తాయి. అవి మామూలుకన్నా చిన్నవి. ఫీడోలె అయితే పెద్ద తల కూలీలు కనిపించేదాకా ఇంకా ఆగాలి. ఈలోగా రాణి చనిపోతే పారెయ్యకూడదు. 70 శాతం ఆల్కహాలులో వేసి, ఊరు, తేదీ, గంట, వాన ఎప్పుడు ఆగిందో చీటీ మీద పెన్సిలుతో రాసి అదే సీసాలో ఉంచాలి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.