చుక్కతో మొదలయ్యే పేరు

ఫిల్మ్‌నగర్‌లో రాత్రి పదకొండు దాటాక నడిచేది ఎక్కువగా కాపీ పనే. కథల సంగతి కాదు, ఫైళ్ల సంగతి చెబుతున్నాను. పగలు షూట్ చేసిన కార్డులు డిస్కుల్లోకి దించాలి, ఎడిటింగ్ రూమ్ నుంచి డీఐకి, అంటే రంగులు సరిచేసే చోటికి, పంపాలి, గ్రాఫిక్స్ వాళ్లు ఇచ్చిన షాట్లు మళ్లీ డీఐకి చేర్చాలి. ఒకప్పుడు ల్యాబు నుంచి రీలు డబ్బాలు వెళ్లేవి. చేతిలోకి తీసుకుంటే లోపల రీలు ఉందో లేదో బరువే చెప్పేది. ఇప్పుడు బైక్ మీద చెక్‌పోస్ట్ దాటి వెళ్లే హార్డ్ డిస్కు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా ఒకటే బరువు. లోపలున్నదానికి ఫైలు పేరే సాక్ష్యం. మా పనిలో దెబ్బలు తగిలేదీ అక్కడే. పేరు ఉంటుంది, సరుకు ఉండదు. (సినిమా వాళ్ల పేటలో ఇది కొత్త జబ్బేమీ కాదనుకోండి.)

గ్రాఫిక్స్ షాటు మాకు వీడియోగా రాదు, ఫ్రేముకో ఫైలుగా వస్తుంది. ఫార్మాట్ ఎక్కువగా ఓపెన్ ఈఎక్స్‌ఆర్. స్టార్ వార్స్ గ్రాఫిక్స్ చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ వాళ్లు తమ అవసరానికి తయారు చేసుకుని, 2003లో అందరికీ వదిలేసింది అది. నంబర్లు సాధారణంగా 1001తో మొదలవుతాయి. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన పది సెకన్ల షాటుకి 240 ఫైళ్లు. 4కేలో, కంప్రెస్ చేయకపోతే, ఒక్కో ఫ్రేము 53 ఎంబీ దాకా ఉంటుంది. అలాంటి ఫోల్డరును మౌసుతో తెరిస్తే బొమ్మలన్నీ కనిపించేలోపు కిందికెళ్లి టీ తాగి రావచ్చు. కమాండ్లు టైపు చేసే టెర్మినల్లో అయితే ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కొట్టి, పక్కన ఒక నిలువు గీత పెట్టి, లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ అంటే చాలు. ఒక్క అంకె వస్తుంది: 239.

ఒకటి తగ్గింది.

ఎల్ఎస్‌కి లెక్కపెట్టడం రాదు. డబ్ల్యూసీకి తను లెక్కపెడుతున్నవి ఫ్రేములో కిరాణా పద్దులో తెలియదు. వీళ్లిద్దరినీ కలిపింది ఆ నిలువు గీత. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టి అడగ్గా కెన్ థాంప్సన్ 1973లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేర్చిన పైపు అది. నాకు మరీ ముచ్చటేసేది తర్వాతి అడుగు. పోయిన ఫ్రేము ఏదో తెలియాలంటే ఒక్క లైను చాలు: 1001 నుంచి 1240 దాకా ఒక్కో నంబరు తీసుకో, ఆ నంబరుతో ఫైలుందా చూడు, లేకపోతే నంబరు చెప్పు. ఆ ‘లేకపోతే’కి రాసే గుర్తు పక్కపక్కనే రెండు నిలువు గీతలు. 239 ఫైళ్లకి మాటామంతీ ఉండదు, పోయినదొక్కటే తెర మీదికొస్తుంది: 1117. దాంతో పాటు ఫైళ్లు వెతికే ఫైండ్‌కి మైనస్ సైజ్ జీరో ఇచ్చి ఓసారి తిప్పాలి. రెండర్ మధ్యలో ఆగిన ఫ్రేము పేరు పెట్టుకుని, లోపల సున్నా బైట్లతో, లెక్కకి మాత్రం హాజరవుతుంది.

ఈ పొదుపు ఊరికే రాలేదు. యూనిక్స్ పుట్టిన రోజుల్లో టైపు చేసిన ప్రతి అక్షరమూ టెలిటైప్ మీద కాగితంపై పడేది. మోడల్ 33 అనే యంత్రం సెకనుకి పది అక్షరాలు కొట్టేది. కాపీ సీపీ అయ్యిందీ, పని సవ్యంగా జరిగితే కమాండ్ నోరు మెదపనిదీ అందుకే. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆ మౌనానికి కంగారుపడి “అన్నా, అయ్యిందా?” అంటారు. ఏమీ అనలేదంటే అయ్యిందనే.

షార్ట్‌కట్లలో కంట్రోల్ ఆర్ గురించి అందరూ చెబుతారు: రెండక్షరాలు కొడితే, పాత కమాండ్ల చిట్టాలో వెనక్కి వెతికి మొత్తం లైను తెచ్చిస్తుంది. నా ఓటు మాత్రం ఎవరూ పట్టించుకోని ఆల్ట్ హ్యాష్‌కి. పొడుగాటి లైను సగం రాశాక డిస్కు కనెక్ట్ చేయలేదని గుర్తొస్తుంది. చెరిపేస్తే మళ్లీ రాయాలి, ఎంటర్ కొడితే కొంప మునుగుతుంది. ఆల్ట్ హ్యాష్ కొడితే లైను మొదట్లో హ్యాష్ పడుతుంది, కమాండ్ నడవకుండానే చిట్టాలోకి చేరుతుంది. డిస్కు పెట్టి, పైబాణం నొక్కి, హ్యాష్ తీసేస్తే సరి.

ఇక మాకు అన్నం పెట్టే కాపీ కమాండ్ ఆర్‌సింక్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ కలిసి 1996లో బయటికి తెచ్చారు. మారిన ఫైల్లో మారిన ముక్కల్నే నెట్ మీద పంపడం దాని ప్రతిభ. అవతల ఉన్న పాత ఫైలును ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక చిన్న మొత్తం, ఒక గట్టి గుర్తు కట్టుకుంటుంది. ఇవతల కొత్త ఫైలు మీద అంతే పొడవున్న కిటికీని బైటు తర్వాత బైటుగా జరుపుతూ సరిపోయే మొత్తం కోసం వెతుకుతుంది. ప్రతి అడుగులో మొదట్నుంచీ కూడితే తెల్లారిపోతుంది. సిటీ బస్సులో యాభై మంది ఉన్నారని తెలిసిన కండక్టరు, ఒకరు దిగి ఇద్దరు ఎక్కితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడా? దిగినవాణ్ని తీసేసి ఎక్కినవాళ్లని కలుపుతాడు. ఇదీ అంతే. చిన్న మొత్తం కలిసినప్పుడే గట్టి గుర్తు తీసి నిజంగా అదేనా అని సరిచూస్తుంది.

నిజం చెప్పాలంటే ఈ తెలివి మా రాత్రిపూట పనికి అంతగా అక్కరకు రాదు. ఒకే మెషీన్‌కి తగిలించిన రెండు డిస్కుల మధ్య కాపీ అంటే ఆర్‌సింక్ ఆ లెక్కలన్నీ పక్కనపెట్టి ఫైలు మొత్తం రాసేస్తుంది. రెండువైపులా చదివి పోల్చడం కన్నా అదే తొందర. తన గొప్ప విద్యను ఎక్కడ చూపకూడదో తెలిసిన పనిమంతుడన్నమాట.

దానికో మెలిక ఉంది. సోర్సు ఫోల్డరు పేరు చివర స్లాష్ పెడితే లోపలి సరుకే వెళ్తుంది, పెట్టకపోతే ఫోల్డరుతో సహా వెళ్తుంది. ఓసారి నేను మూడో రీలు పంపుతూ, స్లాష్ పెట్టి, పైగా డిలీట్ అనే ఆప్షన్ కూడా తగిలించాను. డిస్కు అంతా మూడో రీలుకి నకలు కావాలని దానికి అర్థమైంది. మొదటి రెండు రీళ్లనూ తుడిచేసింది. వేరే కాపీ ఉంది గనక బతికాను, రాత్రి మాత్రం పోయింది. అప్పట్నుంచి ముందు మైనస్ ఎన్ వీ పెట్టి నడుపుతాను. ఏం చేయబోతోందో చెబుతుంది, చేయదు. మా భాషలో రిహార్సల్.

ఆర్‌సింక్ రాస్తున్న ఫైలుకి అసలు పేరు పెట్టదు. ముందు ఒక చుక్క, చివర కొన్ని పిచ్చి అక్షరాలు చేర్చి రాస్తుంది. ఆఖరి బైటు పడ్డాకే పేరు మారుస్తుంది. చుక్కతో మొదలయ్యే పేర్లను ఎల్ఎస్ చూపదు. బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన రాబ్ పైక్ చెప్పిన కథ ప్రకారం ఆ దాపరికం అనుకుని చేసింది కాదు. ప్రతి ఫోల్డరులోనూ ఉండే ఒంటి చుక్క, జంట చుక్కలనే రెండు ఎంట్రీలను దాటేయడానికి మొదటి అక్షరం చుక్కేనా అని మాత్రం చూశారు, దాంతో చుక్కతో మొదలయ్యేవన్నీ మాయమయ్యాయి. ఆ పొరపాటును ఆర్‌సింక్ మర్యాదగా మార్చుకుంది. సగం రాసిన ఫైలు ఎవరి కంటా పడదు. ఒక్క జాగ్రత్త: ప్రోగ్రెస్ కనిపిస్తుందని అందరూ వాడే మైనస్ క్యాపిటల్ పీ ఉంటే, మధ్యలో ఆగినప్పుడు ఆ సగం ఫైలుకే అసలు పేరు పెట్టి ఉంచేస్తుంది. పార్షియల్ డిర్ పెట్టుకుంటే ఆ సగాన్ని విడిగా దాస్తుంది.

మొన్న రాత్రి రెండున్నరకి మా కుర్రాడు ఎల్ఎస్ కొట్టి, “అన్నా, డిస్కులో ఏం లేదు, కింద బండి మీద మనిషి వెయిటింగ్” అన్నాడు. మైనస్ ఎల్ఏ పెట్టి కొట్టమన్నాను. చుక్క పేరుతో నూటనలభై జీబీ కనిపించింది, పెరుగుతోంది. ఇద్దరం టీ తాగి వచ్చేసరికి చుక్క పోయింది, రీలుకి పేరొచ్చింది. డిస్కు ఎజెక్ట్ చేసి కిందికి ఫోన్ చేశాను.